ముగ్గురు అధికారుల సంయుక్త సమావేశం

మా ఆఫీసులో కాలం విలువ ఎవరికీ తెలియదని పైఆఫీసుకి చాడీలు చెప్పినవాడెవడో గానీ, వాడి నోట్లో మట్టి పడ! ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ నేను గోడ గడియారం చూసుకుని వచ్చేదాన్ని, గోడ గడియారం చూసుకుని ఇంటికెళ్లేదాన్ని. మధ్యలో పని కనిపిస్తే చేసేదాన్ని. ఇది ఎంత అనాగరికమైన పద్ధతో ఆ సర్క్యులర్ వచ్చాకే తెలిసింది.

నేను ఆఫీసు సూపరింటెండెంట్‌ని కాబట్టి అందరినీ పిలిచి నేనే పైకి చదివాను. "కాలము జాతి సంపద. అట్టి సంపద ప్రణాళికారహితముగా వ్యయమగుచున్నందున, ప్రతి అధికారికిని చేతిలో ఇమిడెడు పరికరమొకటి, అందు 'సమయసారథి' అను దినచర్యా నిర్వాహకమొకటి సమకూర్చబడినవి. ఇకపై సమయసారథిలో వేళ కేటాయింపబడని ఏ పనినీ ఏ అధికారియు చేయరాదు. చేసినచో అట్టి పని చేయనట్లే భావింపబడును."

"చెయ్యకపోతేనో?" అన్నాడు మా అటెండర్ సన్యాసి.

కాగితం తిరగేసి చూశాను. దాని గురించి ఏమీ రాయలేదు.

ఆ వారమే పరికరాలొచ్చాయి. ఫోను కంటే కొంచెం పెద్దవి, అట్లకాడ అంత వెడల్పు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. మాలాంటి సిబ్బంది మాత్రం ఆ సమయసారథిని సొంత ఫోన్లలోనే వేసుకోవాలట. వేసుకున్నాం. పొద్దున్నే అది "శుభోదయం, భ్రమరాంబ గారూ! ఈనాటి మీ లక్ష్యమేమి?" అని అడిగేది. నాకు లక్ష్యాలేమిటి, నా మొహం! "ఆఫీసు" అని కొట్టేదాన్ని. "మరింత ఉన్నతముగా ఆలోచించండి" అనేది. టీకి వేళ పెట్టుకోలేదని సన్యాసి మొదటి రెండ్రోజులూ ఎవరికీ టీ ఇవ్వలేదు. వాడి తప్పేం లేదు, ఇచ్చినా ఇవ్వనట్టే కదా.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. అసలు తంటా మా నీలాద్రిరావు గారితో వచ్చింది.

ఆయన మా డివిజన్ సంక్షేమాధికారి. మంచి మనిషి. గట్టిగా మాట్లాడి ఎరగరు. కొనుగోళ్ల అధికారి బదిలీ అయి వెళ్లిపోతే ఆ కుర్చీ అదనపు బాధ్యతగా ఈయనకే అంటగట్టారు. తనిఖీ అధికారి రిటైరైతే అదీ ఈయన నెత్తినే పెట్టారు. మా శాఖలో ఇది మామూలే. ఖాళీ కుర్చీలోకి మనిషిని తేవడం కంటే, ఉన్న మనిషి కింద ఇంకో కుర్చీ వెయ్యడం తేలిక. హాస్టళ్లకి ఏం కావాలన్నా సంక్షేమాధికారి అడగాలి, కొనుగోళ్ల అధికారి ఇవ్వాలి, అడిగిందీ ఇచ్చిందీ సవ్యంగా ఉన్నాయని తనిఖీ అధికారి ఒప్పుకోవాలి. అంతకుముందు నీలాద్రిరావు గారు టీ తాగుతూ ఒక సంతకం పెట్టి, ఫైలు ఇటు తిప్పి ఇంకోటి, అటు తిప్పి మరోటి పెట్టేవారు. టీ చల్లారేలోపు ముగ్గురు అధికారులూ ఏకాభిప్రాయానికి వచ్చేసేవారు.

"పరికరము పదవికే గాని వ్యక్తికి కాదు" అని సర్క్యులర్‌లో ఇంకో ముక్క ఉంది. అంచేత ఆయనకి మూడొచ్చాయి. కలిసిపోకుండా ఎర్ర తాడుది సంక్షేమం, నీలం తాడుది కొనుగోళ్లు, పచ్చ తాడుది తనిఖీ అని మూడూ మెళ్లో వేసుకున్నారు.

సరిగ్గా అప్పుడే బాలికల హాస్టల్లో బోరు మోటారు కాలిపోయింది.

వార్డెన్ ఎస్తేరు రాణి పరుగున వచ్చింది. "సార్, చుక్క నీళ్లు లేవు. పిల్లలు హైవే దాటెళ్లి రైస్ మిల్లు దగ్గర పట్టుకొస్తున్నారు. ఆ లారీలు ఎలా పోతాయో మీకు తెలుసు కదా. నా గుండె చేత్తో పట్టుకుని కూర్చుంటున్నాను సార్."

"ఎంతసేపమ్మా, రేపటికల్లా కొత్త మోటారు పెట్టించేద్దాం" అన్నారు నీలాద్రిరావు గారు. ఆ మాట ఆయన నమ్మే అన్నారు. నేనూ నమ్మాను.

కొత్త పద్ధతిలో ఏ కొనుగోలుకైనా ముగ్గురు అధికారుల సంయుక్త సమావేశం జరగాలి. ఎవరి గదిలో వాళ్లు, ఎవరి పరికరం మీద వాళ్లు, ఒకే వేళకి వేలిముద్ర వెయ్యాలి. ఆయన ఎర్ర తాడు పరికరంలో సోమవారం పదింటికి సమావేశం పెట్టారు. మెళ్లోనే నీలం తాడుది గణగణా మోగింది. "సంక్షేమాధికారి మిమ్ము ఆహ్వానించుచున్నారు." సరేనని నొక్కారు.

"క్షమించండి. ఆ వేళకు మీరు వేరొకరితో సమావేశంలో ఉన్నారు."

"ఎవరితో?" అన్నారాయన, అది వింటుందన్నట్టు. నేను తెర మీద వేలు పెట్టి చూపించాను. సంక్షేమాధికారితో అని ఉంది.

"అది నాతోనే కదండీ!"

పచ్చ తాడుదీ అదే మాట అంది. వేలిముద్ర ఒకటే కాబట్టి మనిషి ఒక్కడేనని దానికి తెలుసు. మనిషి ఒక్కడే అయినా అధికారులు ముగ్గురని దానికి తెలియదు. మంగళవారం పెడితే మంగళవారమూ అంతే. వేళ మార్చినకొద్దీ ఆయన ఆయనకే దొరక్కుండా పోయారు.

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాం. ఎవరో కుర్రాడు చాలా మర్యాదగా విన్నాడు. "సాఫ్ట్‌వేర్ పర్ఫెక్ట్‌గా ఉంది సార్. ప్రాబ్లం మీ సైడ్ నుంచే. ఒకే టైంలో మీరు మూడు చోట్ల ఉండటం లేదు."

"ఎలా ఉంటానయ్యా?"

"అది మీ ఇంటర్నల్ మేటర్ సార్. కావాలంటే ఒక్కో నిమిషం గ్యాప్‌తో ట్రై చేయండి."

ప్రయత్నించాం. సంక్షేమం గది వాకిట్లో, కొనుగోళ్ల గది వరండా చివర, తనిఖీ గది మేడ మీద. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి పంట్లాం పైకి లాక్కుని పరుగెడుతుంటే, సన్యాసి ముందు పరుగెత్తి తలుపులు తీశాడు. నేను వరండాలో నిలబడి "ఇంకొంచెం సార్, ఇంకొంచెం!" అని అరిచాను. ఎర్రది అయింది. నీలందీ అయింది. మెట్ల మీద చెప్పు జారింది. ఆయాసపడుతూ పైకెక్కి వేలు పెట్టేసరికి, "మీరు ఆలస్యముగా వచ్చినారు. తక్కిన సభ్యులు నిష్క్రమించినారు" అంది పచ్చది.

తక్కిన సభ్యులు ఆ మెట్టు మీదే కూర్చుని మంచినీళ్లు అడిగారు.

ఆ సాయంత్రమే ఎర్ర తాడు పరికరం బిగుసుకుపోయింది. గైర్హాజరైన అధికారికి మెమో ఇచ్చేదాకా వేరే పని చెయ్యనంది. నీలాద్రిరావు గారు నవ్వుతూనే సంక్షేమాధికారి హోదాలో తనిఖీ అధికారికి మెమో కొట్టారు. మర్నాడు దాన్ని అందుకున్నప్పుడు మాత్రం ఆయన మొహంలో నవ్వు లేదు.

"చూశారా భ్రమరాంబ గారూ? ఇన్నేళ్ల సర్వీసులో నాకు ఎవడూ మెమో ఇచ్చి ఎరగడు."

"మీరే కదా సార్ ఇచ్చింది."

"నేను కాదు. సంక్షేమాధికారి ఇచ్చాడు." అంతవరకూ 'నేను' అనేవారు, ఇప్పుడు 'వాడు' అయింది.

తనిఖీ అధికారిగా సంజాయిషీ రాశారు: "సదరు వేళకు మెట్ల మీద ఉంటిని." సంక్షేమాధికారిగా దాన్ని చదివి, "సంజాయిషీ సంతృప్తికరముగా లేదు" అని కొట్టేశారు. ఆ తగువు మీద కొనుగోళ్ల అధికారి అభిప్రాయం అడిగితే, "ఇరువురిదీ తప్పే" అని రాశారు. ఇక అక్కణ్నుంచి ఆయన మధ్యాహ్నం క్యారియర్ తెచ్చుకుని మేడ మీద తినేవారు. కింద గదిలో తినమంటే, "ఆ మనిషి మొహం చూడబుద్ధి కాదండీ" అనేవారు. ఓరి నాయనో, బంగారంలాంటి మనిషిని ఎలా చేసేశారురా అని నాకు ఒకటే బాధ.

ఎస్తేరు రాణి వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా, "మేడం, ముగ్గురికీ కుదిరిందా?" అని అడుగుతుంది. లేదంటే, "పోనీ ఎవరు ఒప్పుకోవట్లేదో చెప్పండి మేడం, నేనెళ్లి కాళ్లు పట్టుకుంటాను" అంటుంది. ఏ కాళ్లని చూపించను?

పైఆఫీసు వాళ్లు వీడియోలో సమీక్ష పెట్టారు. సంచాలకులు గారు తెరంతా నిండి కూర్చున్నారు. "నీలాద్రిరావ్, మీ డివిజన్‌లో త్రీ ఆఫీసర్స్ మధ్య కోఆర్డినేషన్ జీరో. రాష్ట్రంలో లాస్ట్ మీరే. మెమోలు, సంజాయిషీలు, ఏమిటిది? వ్యక్తిగత వైషమ్యాలు విడనాడి ప్రజాసేవలో పునరంకితం కావాలి."

"అయ్యా, ఆ ముగ్గురూ నేనే."

"దట్స్ ది ప్రాబ్లం! అంతా నేనే, అంతా నేనే అనుకునే మనస్తత్వం మానుకోవాలి. మీ ముగ్గురికీ సమష్టి స్ఫూర్తి శిక్షణ మంజూరు చేస్తున్నాను."

శిక్షకుడు టై కట్టుకుని వచ్చాడు. మీటింగు హాల్లో మూడు కుర్చీలు వేయించి, ముగ్గురు అధికారుల పేర్లూ పిలిచాడు. నీలాద్రిరావు గారు మూడుసార్లూ లేచి నిలబడ్డారు. శిక్షకుడు మూడుసార్లూ "గ్రేట్" అన్నాడు. తర్వాత అభ్యాసం మొదలైంది. "ముందు సంక్షేమాధికారి గారు కళ్లు మూసుకుని వెనక్కి పడాలి. వెనకనుంచి కొనుగోళ్ల అధికారి గారు పట్టుకోవాలి. దీనివల్ల పరస్పర విశ్వాసం పెరుగుతుంది."

సారు వెనక్కి తిరిగి చూసుకున్నారు. "ఎవరూ లేరు కదండీ?"

"ఆ అనుమానమే సార్ మనల్ని విడదీసేది. నమ్మండి. పడండి."

పెద్దమనిషి, ఒకరు చెప్తే కాదనలేరు. పడ్డారు. హాలంతా దద్దరిల్లింది. నేనూ సన్యాసీ పరుగెత్తి లేపాం. శిక్షకుడు మాత్రం పుస్తకంలో రాసుకున్నాడు: కొనుగోళ్ల అధికారి యందు సహకార గుణము కొరవడినది.

నడుం పట్టేసింది. సెలవు పెడితే సంక్షేమాధికారికి మంజూరైంది. మిగతా ఇద్దరూ పడలేదు కాబట్టి వాళ్లు రావాల్సిందేనంది సమయసారథి. నడుముకి బెల్టు కట్టుకుని, సన్యాసి భుజం మీద చెయ్యేసుకుని ఆ ఇద్దరూ ఆఫీసుకొచ్చారు.

అలాంటి రోజునే ఎస్తేరు రాణి గుమ్మంలోకొచ్చి నిలబడింది. చేతిలో స్టీలు బిందె ఉంది. బిందె అనడానికి లేదు, అప్పడంలా అణిగిపోయింది. దాన్ని తెచ్చి ఆయన బల్ల మీద ఠంగుమని పెట్టింది.

"దీనిమీద లారీ ఎక్కింది సార్. ఆరో తరగతి పిల్ల కేజియాది. బిందె వదిలేసి దూకింది కాబట్టి చెయ్యి విరగడంతో సరిపోయింది. ఇవాళ బిందె పోయింది. రేపు ఎవర్ని తెచ్చి ఈ బల్ల మీద పెట్టమంటారు?" అరవలేదు, మామూలుగానే అడిగింది. అరిచి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

నీలాద్రిరావు గారి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. మెళ్లోంచి మూడు తాళ్లూ తీసి పక్కన పడేశారు. కలం తీసి ఫైలు మీద ఒక సంతకం, ఇటు తిప్పి ఒకటి, అటు తిప్పి ఒకటి, టకటకా పెట్టేశారు. లేచి దండం పెట్టబోయాను ఆయనకి. ఆ కాగితం పట్టుకుని నేనే స్వయంగా మోటార్ల కొట్టుకి వెళ్లాను. కొట్టువాడు ఎంతో అభిమానంగా కూర్చోబెట్టి, "పరికరంలో ఆర్డరు కనపడట్లేదు మేడం, సంతకాలు ఇప్పుడు చెల్లవట కదా" అన్నాడు. పోనీ అని సారు సొంత డబ్బు తీసి, మోటారు బిగించడానికి పరికరంలో వేళ పెట్టారు. పచ్చ తాడుది వెంటనే పసిగట్టింది: "ప్రభుత్వ ఆవరణలో అనధికార వస్తువును అమర్చినచో తక్షణమే తొలగింపబడును."

ఇక నాకు తిక్క రేగింది. మూడు పరికరాలూ ముందేసుకుని అన్ని మీటలూ నొక్కుతూ పోయాను. ఎక్కడో అడుగున 'అందరికీ వీలగు వేళ' అని ఒకటుంది. నొక్కాను. అది తిరిగింది, తిరిగింది, తిరిగింది. చివరికి ఒకే ఒక్క వేళ చూపించింది. వచ్చే నెల ఒకటో తారీఖు, పదింటికి. ముగ్గురు అధికారులకూ పూర్తి తీరిక.

"దొరికింది సార్!" అని కేకేశాను.

ఆయన తెర వైపు చూశారు. "ఈ నెలాఖరుకి నేను రిటైరైపోతున్నాను కదా భ్రమరాంబ గారూ" అన్నారు మెల్లగా. "నేను లేకపోతే కుదురుతుందన్నమాట."

అప్పటికే మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఎస్తేరు రాణి ఆయన వైపూ నా వైపూ చూసింది.

"పెట్టేయండి" అన్నారాయన. "పిల్లలకి నీళ్లొస్తే చాలు."

ఆ నెల మిగిలిన రోజులు ఎస్తేరు రాణి పొద్దునా సాయంత్రం హైవే మధ్యలో నిలబడి, ఎర్ర చీర కొంగు ఊపుతూ లారీల్ని ఆపి పిల్లల్ని దాటించింది.

వీడ్కోలు సభలో నీలాద్రిరావు గారికి శాలువా కప్పాం, దండ వేశాం. ఆయన రెండు ముక్కలే మాట్లాడారు. "మీరందరూ నన్ను ప్రేమగా చూసుకున్నారు. నాతోపాటు పనిచేసిన ఆ ఇద్దరు అధికారులతోనే నాకు పొత్తు కుదరలేదు. వాళ్ల మీద నాకిప్పుడు కోపం లేదు." చప్పట్లు కొట్టాం. కొడుతూ కొడుతూ కళ్లు తుడుచుకున్నాను. ఇంటికి వెళ్లేటప్పుడు ఆయన నడక కుర్రాడి నడకలా ఉంది.

ఒకటో తారీఖున మూడు పరికరాలూ మూడు గదుల్లో మూడు కుర్చీల మీద పెట్టించాను. ఎస్తేరు రాణి వరండాలో నిలబడి పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. పదయింది. మూడూ ఒక్కసారే మోగాయి.

"సభ్యులందరూ హాజరైనారు. ఖాళీ పదవులకు వేలిముద్ర అవసరము లేదు. అభ్యంతరములున్నచో తెలుపవలెను."

కుర్చీలు ఏమీ అనలేదు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

"ఏకగ్రీవముగా ఆమోదించబడినది."

చీకటి పడకముందే మోటారు బిగించారు. ఎస్తేరు రాణి ఫోన్ చేసింది గానీ ఆవిడ మాట ఒక్కటీ వినపడలేదు. వెనకాల ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు, పిల్లల కేరింతలు. ఆఫీసని కూడా చూడకుండా కూర్చుని ఏడ్చేశాను.

ఇక మా డివిజన్‌కి ఎదురులేదు. రోజుకో అంశం సమావేశానికి పెట్టడం, కుర్చీలు ఒప్పుకోవడం. పగిలిన గాజులు, పురుగుల బియ్యం, ఊడిన కిటికీలు, ఏళ్లతరబడి మూలుగుతున్నవన్నీ ఒక్కొక్కటే కదిలాయి. సంచాలకులు గారు తెర మీదకొచ్చి మురిసిపోయారు. "మొన్నటిదాకా లాస్ట్, ఇవాళ ఫస్ట్! వైషమ్యాలు విడనాడితే ఎలా ఉంటుందో మిగతా డివిజన్లు నేర్చుకోవాలి." ముగ్గురు అధికారులకూ ప్రశంసాపత్రాలు వచ్చాయి. చట్రాలు కట్టించి మూడు కుర్చీలకీ ఆనించాను.

అంత పేరొస్తే ఊరుకుంటారా? ఇంత మంచి డివిజన్‌ని అధికారి లేకుండా వదిలేయడం అన్యాయమని ఒకాయన్ని వేశారు. మూడు పదవులూ ఆయనకే. పేరు ప్రణీత్. పాతికేళ్లుంటాయేమో, ఇస్త్రీ మడత నలగలేదు. ఆర్డరు కాగితం నా బల్ల మీద పెట్టి నమస్కారం చేశాడు.

"కూర్చోండి సార్. మీరు చేరాలంటే చేరిక పత్రాన్ని సంయుక్త సమావేశం ఆమోదించాలి."

"ఆ సమావేశంలో ఎవరుంటారండీ?"

"మీరే ఉండాలి సార్. కానీ మీరింకా చేరలేదు కదా. ప్రస్తుతం కుర్చీలు చూసుకుంటున్నాయి."

"అయితే ఇవాళే పెట్టేయండి."

"రోజుకి ఒక్క అంశమే సార్. అందిన క్రమంలో పెట్టాలని రూలు. మీ కాగితం ఇప్పుడే అందింది." క్రమం చూపించాను. ఆయన కంటే ముందు ఎస్తేరు రాణి అర్జీలున్నాయి. స్నానాల గదులకు తలుపులు. కారుతున్న కప్పు. హైవే వైపు ప్రహరీ గోడ. ఆవిడ ఎప్పుడో ఇచ్చినవి, ఒక్కదాని మీదా ఎవరూ సంతకం పెట్టనివి.

పాపం, ఆయన మర్యాదస్థుడు. వరండా బెంచీ మీద కూర్చున్నాడు. మర్నాడూ వచ్చి కూర్చున్నాడు. తలుపులు ఆమోదం పొందాయి, బిగించారు కూడా. ఆ మర్నాడు కప్పు. ఆ రోజు ఎస్తేరు రాణి కప్పు పని వాళ్లకి కాగితం పట్టుకెళ్లడానికి ఆఫీసుకొచ్చింది.

ప్రణీత్ గారు ఆవిణ్ని చూసి లేచి నిలబడ్డారు. "అమ్మా, మీరే వార్డెన్ కదా? ఒక్క మాట చెప్పండి మేడంకి. రేపు నా చేరిక పెట్టమనండి. చేరిన మర్నాడే ఆ ప్రహరీ గోడ నేనే మంజూరు చేస్తాను. పిల్లల పని కంటే నాకు ఎక్కువేముంటుంది? ఒట్టు."

మనస్ఫూర్తిగానే అన్నాడా అబ్బాయి. నాకు జాలేసింది. వేలు మీట దాకా వెళ్లింది కూడా.

ఎస్తేరు రాణి ఆయన దగ్గరికెళ్లి రెండు చేతులూ జోడించింది. "మీరు మంచివారిలాగే ఉన్నారు సార్. వెళ్లిపోయినాయనా చాలా మంచివారు. పిల్లల గోడ అయిపోనివ్వండి సార్, మీరు ఆ తర్వాత చేరుదురు గాని."